గొళ్లెం ఎవరి చేతిలో ఉంది? వరి, వనామీ రొయ్య, చేప, కొబ్బరి పీచు, లేసు: గోదావరి డెల్టాలో దేంట్లో దిగాలి

మా పెద్దమ్మ కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి ఊరొచ్చాడు. కాలువ కింద మూడెకరాలున్నాయి, చేతిలో కొంత డబ్బుంది. "అన్నయ్యా, చెరువు తవ్వేద్దామంటావా, వరే వేసుకోమంటావా?" అని అడిగాడు. ఆ రాత్రి అరుగు మీద కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నాం. అప్పుడు చెప్పిందే కొంచెం సరిచూసుకుని ఇక్కడ రాస్తున్నాను. పాలకొల్లు నుంచి అమలాపురం దాకా చాలా ఇళ్ళలో ఇదే ప్రశ్న నడుస్తోంది.

పోయిన పంటలో పక్కవాడికి ఎంత మిగిలిందో చూసి దిగడం మనకి అలవాటు. అలా దిగి మునిగినవాళ్ళని నేను మా ఇంట్లోనే చూశాను. అందుకే నేను ముందు అడిగేది లాభం సంగతి కాదు. ఈ సరుకు అమ్ముడుపోయే తలుపు ఎవరు తెరిచారు? దాని గొళ్లెం ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది? ఇది అర్థం కావాలంటే ఒకసారి 1991కి వెళ్ళి రావాలి.

## 1991లో తెరిచిన తలుపులు

ఆ ఏడాది జూన్ నాటికి దేశం దగ్గర మిగిలిన డాలర్లు రెండు మూడు వారాల దిగుమతులకి మించి రావు. 47 టన్నుల బంగారం బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర కుదువ పెట్టాల్సి వచ్చింది. జులై 1న ఒకసారి, 3న ఇంకోసారి రూపాయి విలువ తగ్గించారు. డాలరు 21 రూపాయల దగ్గర ఉండేది, 26 దగ్గరకి చేరింది. జులై 24న కొత్త పారిశ్రామిక విధానం వచ్చింది. 18 పరిశ్రమలు తప్ప మిగతా వాటికి లైసెన్సు అక్కర్లేదన్నారు. అదే రోజు మన్మోహన్ సింగ్ బడ్జెట్ చదివారు. పరిశ్రమల శాఖని ప్రధాని పి.వి. నరసింహారావు తన దగ్గరే ఉంచుకున్నారు. 1993 మార్చి నుంచి రూపాయి ధరని మార్కెట్‌కే వదిలేశారు.

ఇవన్నీ ఢిల్లీలో జరిగినవే. మన గట్ల మీదకి మాత్రం రెండు రకాలుగా వచ్చాయి. డాలర్లకి సరుకు అమ్మేవాడికి అదే సరుకు మీద రూపాయలు ఎక్కువ వచ్చాయి. డాలర్లు పెట్టి తెచ్చే వస్తువు వాడేవాడికి ఖర్చు పెరిగింది. 1992 ఆగస్టులో డీఏపీ, పొటాష్ ధరల మీద ప్రభుత్వ నియంత్రణ ఎత్తేశారు. ఆ దాళ్వాకి (రబీకి) మా నాన్న డీఏపీ బస్తా ధర విని ఖాళీ చేతులతో ఇంటికొచ్చి, యూరియాతోనే సరిపెట్టడం నాకు బాగా గుర్తు. ఒకే సంస్కరణ. రొయ్యల చెరువు వాడికి వరమైంది, పక్క చేను వరి రైతుకి భారమైంది.

ఇంకో సంగతి. తలుపులన్నీ ఒకేలా తెరవలేదు. కొన్నిటి గొళ్లెం ఢిల్లీ తన దగ్గరే ఉంచుకుంది. కొన్నిటిది కొనే దేశం చేతికి వెళ్ళింది. కొన్నిటికి మన దేశంలోని మార్కెట్టే దిక్కు.

## ఏం చూసుకోవాలి

నేను నాలుగు చూస్తాను.

మొదటిది గొళ్లెం. రాత్రికి రాత్రి ఎవరు మూసేయగలరు?

రెండోది డాలరు. రూపాయి పడితే మీకు లాభమా, నష్టమా? అమ్మకం డాలర్లలో ఉన్నా మేత, విత్తనం దిగుమతి మీద ఆధారపడితే లాభం సగమే.

మూడోది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది: వెనక్కి రావడం. కుదరకపోతే పాత పనికి తిరిగి రాగలరా? వరిచేను చెరువు కావడానికి పొక్లెయిన్‌తో వారం చాలు. చెరువు మళ్ళీ వరిచేను కావాలంటే ఏళ్ళు పడుతుంది, ఉప్పు పట్టిన నేలైతే ఇంకా ఎక్కువ.

నాలుగోది, డబ్బు చేతికొచ్చేదాకా ఇల్లు ఎలా నడుస్తుందన్నది.

## వరి

వరికి గొళ్లెం పూర్తిగా ఢిల్లీ చేతిలోనే ఉంది. బాస్మతి కాని బియ్యం ఎగుమతిని 1994లో తెరిచారు. కాకినాడ పోర్టు నుంచి ఆఫ్రికాకి బియ్యం ఓడలు వెళ్ళడం మనకి మామూలైపోయింది. 2007-08లో ప్రపంచంలో బియ్యం ధరలు ఎగబాకితే మన దగ్గర ఎగుమతి ఆపేశారు. మూడేళ్ళకి పైగా అలాగే ఉంచారు. ఇక్కడ ధాన్యం పేరుకుపోయింది, ధర పడింది, కూలి పెరిగింది. 2011 సార్వాలో (ఖరీఫ్‌లో) కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. నీళ్ళు కాలువలో పారుతుంటే చేలు బీడు పెట్టారు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన తర్వాత ఈ డెల్టాలో రైతు తనంతట తాను నాటు మానేయడం అంటే ఎంత కడుపు మండితే జరిగి ఉంటుందో ఆలోచించండి. ఆ సెప్టెంబరులోనే ఎగుమతి మళ్ళీ తెరిచారు.

అది పాత కథేమీ కాదు. 2023 జులై 20న తెల్ల బియ్యం ఎగుమతి మళ్ళీ ఆపారు. ఆగస్టులో ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం వేశారు. ఉప్పుడు బియ్యానికి వాడే బొండాల రకం పండించేవాళ్ళకి ఆ దెబ్బ నేరుగా తగిలింది. 2024 సెప్టెంబరు చివర్లో నిషేధం తీశారు. పట్నంలో బియ్యం ధర పెరిగిందంటే మూసేస్తారు, గోదాములు నిండిపోతే తెరుస్తారు. ఇదే పద్ధతి. ఎన్నికలుంటే ఇంకా తొందరగా మూసేస్తారని నా నమ్మకం.

మరి వరి వద్దా? కాదు. వరికి పైకప్పుని ఢిల్లీ బిగించినా, కింద మద్దతు ధర అనే నేల కూడా వేసింది. 2025-26కి సాధారణ రకానికి క్వింటాలు 2,369 రూపాయలు. మన 75 కిలోల బస్తా లెక్కన సుమారు 1,777. ఎకరానికి 30 బస్తాలు వచ్చాయనుకుంటే 53 వేల పైచిలుకు. పెట్టుబడి, కోత మిషన్, తేమ పేరుతో కోత అన్నీ తీసేస్తే సొంత భూమి ఉన్నవాడికి కొంత మిగులుతుంది. కౌలు రైతు ఆ 30 బస్తాల్లో సగానికి దగ్గరగా భూమి యజమానికి కొలవాల్సి వస్తే ఏమీ మిగలదు. వరిలో నష్టం పంటలో కన్నా కౌలులోనే ఎక్కువ ఉందని నేను గట్టిగా అంటాను.

వెనక్కి రావడం? అసలు ఎక్కడికీ వెళ్ళలేదు కాబట్టి ఆ బాధ లేదు. దాళ్వాలో మినుము వేసుకోవచ్చు, వచ్చే ఏడు రకం మార్చుకోవచ్చు. చేను చేనులాగే ఉంటుంది.

## వనామీ

అందరి కళ్ళూ దీని మీదే కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను.

1991 తర్వాత డెల్టాలో మొదట పండిన తలుపు రొయ్యదే. అప్పుడు టైగర్ రొయ్య. మా పెదనాన్న 1993లో భీమవరం దిగువన రెండెకరాల చెరువు వేశారు. మొదటి రెండు పంటలకి ట్రాక్టరు కొన్నారు, ఇంటికి పై అంతస్తు వేశారు. మూడో పంటలో ఒకరోజు తెల్లవారుజామున నన్ను లేపి తీసుకెళ్ళారు. టార్చి వేస్తే గట్టు పొడుగునా రొయ్యలు నీటి పైకి తేలి ఉన్నాయి, ఒళ్ళు ఎర్రగా ఉంది. ఒకదాన్ని తీసి తల మీది పెంకు ఒలిచి వెలుగుకి పట్టుకున్నారు. లోపల సన్నటి తెల్లచుక్కలు, పిండి చల్లినట్టు. ఆయన ఏమీ అనలేదు, గట్టు మీద కూర్చుండిపోయారు. మూడు రోజుల్లో చెరువు ఖాళీ. 1994-95లో కోస్తా అంతా ఆ తెల్లమచ్చ జబ్బుకి ఇలాగే కుదేలైంది. 1996 డిసెంబరులో తీరప్రాంత రొయ్యల సాగు మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. 2009లో వనామీని అనుమతించారు. అక్కడి నుంచి రెండో అల మొదలైంది, ఈసారి ఇంకా పెద్దది.

గొళ్లెం ఎవరిదంటే, చాలా వరకు అమెరికాదని చెప్పొచ్చు. మన రొయ్యకి అన్నిటికన్నా పెద్ద కొనుగోలుదారు ఆ దేశమే. 2005 నుంచే వాళ్ళు యాంటీ డంపింగ్ సుంకం (మరీ చవగ్గా తెచ్చి అమ్ముతున్నారని వేసే అదనపు సుంకం) వేస్తున్నారు. 2025 ఆగస్టు 27 నుంచి భారత సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. మాకు దగ్గరి చెరువుల్లో పట్టుబడికి సిద్ధంగా ఉన్న రైతులు ఆ వారం ఏజెంట్లకి ఫోన్ల మీద ఫోన్లు చేశారు, సరైన రేటు చెప్పినవాడు లేడు. రోజూ మేత వేయాలి, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు ఆపకూడదు, రొయ్య పెరుగుతూనే ఉంటుంది. అలాంటప్పుడు పడే టెన్షన్ చెరువు చేసినవాడికే తెలుస్తుంది. యూరప్ వాళ్ళు ఇంకో గొళ్లెం పెట్టుకున్నారు: యాంటీబయాటిక్ అవశేషాల పరీక్ష. ఒక చెరువులో వాడిన మందుకి కంటెయినర్ మొత్తం వెనక్కి రావచ్చు.

ఇక్కడ ఈక్వడార్ గురించి ఒక మాట. మనకి గట్టి పోటీ వాళ్ళే, వాళ్ళదీ వనామీయే. 1999లో వాళ్ళకీ ఆర్థిక సంక్షోభం వచ్చింది, అదే ఏడు తెల్లమచ్చ కూడా వచ్చింది. 2000లో సొంత కరెన్సీనే వదిలేసి డాలరునే తమ డబ్బు చేసుకున్నారు. 2025 ఆగస్టులో అమెరికా వాళ్ళ మీద వేసిన సుంకం 15 శాతం. అంటే అప్పుడు ఒకే రొయ్య ఒకే దుకాణానికి చేరేలోపు మనది నూటికి 35 పాళ్ళు ఎక్కువ సుంకం మోసుకెళ్ళాల్సి వచ్చింది. మన రైతు చేతిలో లేని లెక్క ఇది. మేత తగ్గించడం, సీడ్ (రొయ్య పిల్లలు) మార్చడంతో పూడేది కాదు.

డాలరు సంగతి: డాలరు ధర 2024 డిసెంబరులో 85 రూపాయలు దాటింది. ఎగుమతిదారుకి మంచిదే. చెరువు గట్టుకి ఎంత చేరుతుందో మాత్రం కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది) బట్టి రేటు చెప్పే ప్రాసెసింగ్ ప్లాంటువాళ్ళ చేతిలో ఉంది. తల్లి రొయ్యలు దిగుమతివే, మేతలో కలిపే చేపపొడి, సోయా ధరలు బయటి మార్కెట్‌తో నడుస్తాయి. 2021లో సోయా ధర మండిపోతే 12 లక్షల టన్నుల సోయా పిండి దిగుమతికి అనుమతించారు. 2024 జులై బడ్జెట్లో రొయ్యల మేత మీద కస్టమ్స్ సుంకం 5 శాతానికి తగ్గించారు. ఇలాంటి చిన్న వార్తలే మీ మేత బస్తా ధరని కదిలిస్తాయి, పేపర్లో చివరి పేజీలో ఉన్నా చదవండి.

లెక్క ఒకటి వేసి చూడండి. ఎకరానికి రెండు టన్నులు తీశారనుకోండి. కిలోకి 30 రూపాయలు తగ్గితే 60 వేలు పోయినట్టు. అది ఎకరం వరి మొత్తం రాబడి కన్నా ఎక్కువ. పెరిగితే కూడా అంతే వస్తుంది. వనామీ అంటే ఇదే. మూడు నాలుగు నెలల్లో వరి నాలుగేళ్ళలో ఇచ్చేది ఇవ్వగలదు, తీసుకెళ్ళనూ గలదు.

దిగాలనుకుంటే అనుమతులు ముందు చూసుకోండి. సముద్రం, నదులు, పాయల్లో పోటు నీరు చేరే గీత నుంచి రెండు కిలోమీటర్ల లోపల అయితే కేంద్ర అథారిటీ రిజిస్ట్రేషన్ కావాలి. మిగతా చోట్ల 2020 రాష్ట్ర చట్టం కింద వచ్చిన అప్సడా (రాష్ట్ర ఆక్వాకల్చర్ అభివృద్ధి సంస్థ) లైసెన్సు. ఇంకోటి మనస్ఫూర్తిగా చెబుతున్నాను: చుట్టూ వరిచేలున్న తీపినీటి ఆయకట్టులో ఉప్పునీళ్ళు పెట్టి చెరువు చేయకండి. పక్కవాడి చేను, ఊరి మంచినీళ్ళ బోరు రెండూ పాడవుతాయి. అందులో వచ్చిన లాభం తిని అదే ఊళ్ళో తలెత్తుకుని తిరగలేం.

## తెల్లచేప

బొచ్చె, శీలావతి చెరువులకి ఢిల్లీ గొళ్లెం లేదు, అమెరికా గొళ్లెం లేదు. కైకలూరు, ఆకివీడు, భీమవరం వైపు నుంచి ఐసు వేసిన లారీలు కోల్‌కతా, అస్సాం వైపు వెళ్తాయి. తినేవాళ్ళు మనవాళ్ళే. రూపాయి పడినా లేచినా పెద్ద తేడా లేదు, మేతలో తవుడు, చెక్క ధరలు తప్ప. అందుకే రొయ్యలో కాలిన చాలామంది దీంట్లోకి వచ్చారు.

అయినా గొళ్లెం అసలు లేదని కాదు. 2018లో అస్సాం, 2019 జనవరిలో పట్నా ఫార్మాలిన్ అనుమానంతో కొన్నాళ్ళు ఆంధ్రా చేపని ఆపాయి. కొల్లేరు చుట్టుపక్కల అయితే ఐదో కాంటూరు (అభయారణ్యం హద్దుగా పెట్టిన ఎత్తు గీత) లోపలి భూమి జోలికి అస్సలు వెళ్ళొద్దు. 2006లో అక్కడి చెరువు గట్లు యంత్రాలు పెట్టి తెగ్గొట్టారు. చవగ్గా లీజు ఇస్తున్నారంటే ఎందుకు ఇస్తున్నారో అడగాలి.

చేపలో డబ్బు నెమ్మదిగా తిరుగుతుంది. కిలో పైబడిన చేప కావాలంటే ఏడాదికి అటూ ఇటూ పడుతుంది. ఆ కాలం మేత అప్పు మోయగలగాలి. మోయగలిగితే రాత్రి నిద్ర పడుతుంది.

## కొబ్బరి, పీచు

కొబ్బరి చెట్టు ఎలాగూ ఉంది, డొక్కతో ఏదైనా చేద్దామనుకునేవాళ్ళకి ఇది. 1990ల మధ్యలో పామాయిల్ దిగుమతిని ప్రైవేటు వ్యాపారులకి తెరిచాక వంటనూనె ధరలో కొబ్బరి నూనె నిలబడడం కష్టమైంది. ఆ గొళ్లెం ఇప్పటికీ ఢిల్లీ చేతిలోనే అటూ ఇటూ కదులుతోంది. ముడి పామాయిల్ మీద మూల సుంకం 2024 సెప్టెంబరులో 20 శాతం చేశారు, 2025 మే చివర్లో 10కి దించారు. అంబాజీపేటలో కాయ ధర చూసేవాళ్ళు ఈ సుంకాన్ని కూడా చూస్తుండాలి.

పీచు, కోకోపిట్ (పీచు తీయగా మిగిలే పొట్టు) దారి వేరు. ఎగుమతి మీద పెద్ద ఆంక్షలు లేవు. పెద్ద కొనుగోలుదారు చైనా, అదే దీని బలహీనత కూడా. ఒకే దేశం కొనడం తగ్గిస్తే పీచు కట్టలు షెడ్డులో వానకి తడుస్తాయి. బాగున్నదేంటంటే ముడిసరుకు మన పెరట్లోదే, జబ్బు వచ్చి మూడు రోజుల్లో చచ్చిపోదు. కేంద్రం స్వయం ఉపాధి పథకం పీఎంఈజీపీ కింద, 2025-26 నిబంధనల ప్రకారం, తయారీ యూనిట్‌కి 50 లక్షల దాకా ప్రాజెక్టు వేసుకోవచ్చు. పల్లెల్లో సాధారణ వర్గానికి 25, మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకి 35 శాతం సబ్సిడీ ఉంది. సబ్సిడీ చూసి మాత్రం మిషన్ కొనకండి. ముందు ఎండబెట్టడానికి ఖాళీ స్థలం, సరుకు తీసుకునే మనిషి, ఆ రెండూ చూసుకున్నాకే మిషన్.

## లేసు

నరసాపురం వైపు ఇళ్ళలో చేతి అల్లిక. 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పెట్టుబడి దాదాపు లేదు, నష్టం లేదు. కానీ మిషన్ మీద వచ్చే చైనా లేసు పక్కన అల్లే మనిషి చేతికి వచ్చేది చాలా తక్కువ. దీన్నే నమ్ముకోమని ఏ ఇల్లాలికీ నేను చెప్పను. పది మంది కలిసి నేరుగా కొనేవాళ్ళకి అమ్మగలిగితే అప్పుడు ఆలోచించొచ్చు.

## పక్కపక్కన పెడితే

| | గొళ్లెం | రూపాయి పడితే | వెనక్కి రావడం | డబ్బు తిరిగే కాలం |
|---|---|---|---|---|
| వరి | ఢిల్లీ | ఎరువు భారం, ఎగుమతి తెరిచి ఉంటే కొంత లాభం | బాధ లేదు | నాలుగైదు నెలలు |
| వనామీ | అమెరికా, యూరప్ | లాభం, మేత ఖర్చు పోను | చాలా కష్టం | మూడు నాలుగు నెలలు |
| తెల్లచేప | ఇతర రాష్ట్రాల మార్కెట్లు | పెద్ద తేడా లేదు | కష్టమే, ఉప్పు బాధ లేదు | ఏడాది వరకు |
| పీచు | చైనా కొనుగోలు | లాభం | మిషన్ అమ్ముకోవచ్చు | నెలనెలా |
| లేసు | దళారి | చేతికి చేరదు | బాధ లేదు | వారం వారం, కొంచెం కొంచెం |

## మీరు ఎవరైతే ఏది

సొంత భూమి, అప్పు లేదు, ఇంకో ఆదాయం ఉంది అంటే భూమిలో మూడో వంతుకి మించకుండా చెరువు పెట్టి చూడొచ్చు, అదీ నేల, నీరు ఒప్పుకుంటేనే. మొత్తం తవ్వేయడం మాత్రం ఎవరికీ చెప్పను.

కౌలుకి తీసుకుని వనామీ చేద్దామనుకునే కుర్రాళ్ళకి నా మాట కఠినంగానే ఉంటుంది: వద్దు. లీజు ముందే కట్టాలి, సీడ్, మేత అరువు, కరెంటు బిల్లు మీదే. రేటు పడితే భూమి యజమానికి, ఏజెంటుకి, మేత కొట్టుకి అందరికీ ఇవ్వాల్సింది మీరు ఒక్కరే. ఏజెంటు దగ్గర మేత అరువు తెస్తే సరుకు అతనికే అమ్మాలి, అతను చెప్పిన కౌంట్‌కే అమ్మాలి. అనుభవం కావాలంటే రెండు పంటలు ఎవరి చెరువు మీదైనా జీతానికి పని చేయండి. చెక్ ట్రే (మేత తిన్నదీ లేనిదీ చూసే పళ్ళెం) లేపి మేత మిగిలిందో లేదో చూడడం, నీటి రంగు బట్టి రాత్రి ఆక్సిజన్ పడుతుందేమో పసిగట్టడం అక్కడే వస్తాయి.

కొబ్బరి తోట, రోడ్డు పక్కన స్థలం ఉన్నవాళ్ళు పీచు చూడండి. వయసు పైబడి, పిల్లలు బయట ఉన్నవాళ్ళకి వరే మంచిది, లేదంటే నమ్మకమైనవాడికి తెల్లచేపకి లీజు ఇవ్వడం. లీజు కాగితంలో రొయ్య వేయకూడదని, ఉప్పునీళ్ళు పెట్టకూడదని రాయించుకోండి.

ఏది ఎంచుకున్నా ఒక ఏడాది ఇంటి ఖర్చు పక్కన పెట్టాకే పెట్టుబడి లెక్క మొదలుపెట్టండి. తలుపు మూసుకున్న 2007 నుంచి 2011 వరకు, తెల్లమచ్చ వచ్చిన 1994 తర్వాత, సుంకం పడిన 2025లో నిలబడ్డవాళ్ళని చూస్తే, వాళ్ళలో ఎక్కువమంది తెలివిగా పంట మార్చినవాళ్ళు కారు. పట్టుబడికి ముందే అప్పు తీర్చాల్సిన అవసరం లేనివాళ్ళు.

మా తమ్ముడు చివరికి రెండెకరాల్లో స్వర్ణ రకం వరి వేస్తానన్నాడు. మూడో ఎకరం, కాలువ చివర ఉన్నది, తెల్లచేపకి పనికొస్తుందేమో చూస్తాడట. తవ్వడానికి ముందు కాలువ నీళ్ళు ఒక సీసాలో, బోరు నీళ్ళు ఇంకో సీసాలో పట్టుకుని, మూతల మీద తేదీ రాసి పెట్టాడు. సోమవారం భీమవరం ల్యాబ్‌కి వెళ్తున్నాడు.